అంబాసిడరా... ఫియట్టా?

ఒకప్పుడు కారు కొనాలంటే ఇంట్లో నడిచే చర్చ ఒక్కటే... అంబాసిడరా, ఫియట్టా? ఫియట్ కాస్తా 'ప్రీమియర్ పద్మిని' అయినా జనం పాత పేరు వదల్లేదు. ఆ పంతం ఇప్పుడు తేలాలంటే శంషాబాద్ విమానాశ్రయం దారి మంచి పరీక్ష.

పద్మినిది 1089 సీసీ పెట్రోలు ఇంజిను, సుమారు 40 హార్స్‌పవర్. ట్యాక్సీవాలాలు మెచ్చిన డీజిల్ అంబాసిడర్‌ది 1489 సీసీ. ఇంజిను పెద్దదే కానీ శక్తి 37 హార్స్‌పవర్ దగ్గరే ఆగింది! పైగా బరువు టన్ను దాటుతుంది. పద్మిని టన్నులోపే. మెహిదీపట్నం సిగ్నల్ దగ్గర ముందు కదిలేది పద్మినే. అక్కణ్నుంచి ఆరాంఘర్ దాకా 2009లో తెరిచిన 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదా డీజిల్ అంబాసిడర్‌ది వెనకబాటే. 1990ల్లో 1817 సీసీ, 75 హార్స్‌పవర్ ఇసుజు ఇంజిను వచ్చాకే ఆ లోటు తీరింది.

మరి అమెరికా వెళ్లే అబ్బాయిని సాగనంపడానికి ఇల్లంతా బయల్దేరితే? రెండు పెద్ద సూట్‌కేసులు, ఆవకాయ, వెనక సీట్లో అమ్మ, నాన్న, నానమ్మ. అంబాసిడర్ వెడల్పు 1676 మిల్లీమీటర్లు, పద్మినిది 1460. తేడా దాదాపు జానెడు. నానమ్మ సర్దుకుని కూర్చునేది ఆ జానెడులోనే!

శంషాబాద్‌లో 2008లో విమానాలు మొదలయ్యేనాటికే పద్మిని తయారీ ఆగిపోయింది. అంబాసిడర్ 2014 దాకా వచ్చింది. ఇంటిల్లిపాదీ వెళ్లాలంటే ఇప్పటికీ అంబాసిడరే మేలు. డీజిల్‌దైతే మాత్రం అరగంట ముందే బయల్దేరాలి.