భావనపాడు ఒడ్డున మొదటి ముద్ద

గత ఆగస్టు నెలలో మా మనవరాలిని వెంటబెట్టుకొని భావనపాడు వెళ్లి వచ్చాను. టెక్కలిలో బస్సు దిగి ఆటో ఎక్కితే నౌపడ ఉప్పుమళ్ల మీదుగా దారి. వానకాలం గనుక మళ్లలో ఉప్పు లేదు, నీళ్లే. గట్ల మీద తాటాకు కప్పిన ఉప్పు రాశులను చూసి, "మామ్మా, ఇవన్నీ ఇళ్లా?" అని అడిగింది పిల్ల. దానికి పదేళ్లు. పుట్టి పెరిగినది జపాను దేశంలోని టోక్యోలో. అక్కడి బడులకు జూలై చివర నుండి ఆగస్టు చివరి వరకు సెలవులు. మన తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవల వేటకు నిషేధం. ఆ నిషేధం తీరిపోయాక వచ్చింది గనుక పిల్లకు పడవలు ఒడ్డుకు రావడం చూపించగలిగాను.

కాని నేను భావనపాడు వెళ్లింది పడవలు చూపించడానికి మాత్రమే కాదు. అక్కడ ఒక అమ్మకు నేను ముప్పై ఏళ్లకు పైగా బాకీ ఉన్నాను.

మాది పార్వతీపురం వైపు పల్లె. చెరువులో బొచ్చె, శీలావతి, నాగావళిలో దొరికే చిన్న చేపలు తప్ప మాకు చేప అంటే తెలియదు. 1991లో ఆ తీరంలోని ఒక బడికి ఉపాధ్యాయురాలినై వెళ్లాను. ఊరంతా ఎండుచేపల వాసన. ఇసుక మీద కవళ్లు, నెత్తళ్లు పరచి ఉండేవి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని బడికి నడిచేదాన్ని. ఒక మధ్యాహ్నం చేపలమ్మే ఒక ఇల్లాలు, తన బిడ్డకు చదువు చెబుతున్నానన్న ప్రేమతో, గిన్నెడు కవళ్ల పులుసు తెచ్చింది. నేను కడుపునొప్పి అని చెప్పి తీసుకోలేదు. ఆమె గిన్నె మీద మూత పెట్టి, "మా సేప వాసన గిట్టలేదని సెప్పొచ్చుగదా పంతులమ్మా" అని వెళ్లిపోయింది. ఆ మాటకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నెల గడిచాక నేనే ఆమె ఇంటికి వెళ్లాను. ఉన్నమాట చెప్పాను. ఆమె నవ్వింది. "ముందు రొయ్యలు తినండి. ముల్లుండదు. బాగుంటే రేపింకోటి" అన్నది. అలాగే నేర్పింది. రొయ్యల ఇగురు తర్వాత చందువ వేపుడు. దానికి నడుమ ముల్లు ఒక్కటే గనుక విప్పుకోవడం సులువు. తర్వాత కోనాం ముక్కల పులుసు. తర్వాత కానాగడతలు. వాటికి నూనె ఎక్కువ, వాసన ఎక్కువ, పులుపు బాగా పడాలి. ఆ తర్వాతే ముళ్ల కవళ్లు. చిట్టచివర వంకాయతో ఎండు నెత్తళ్లు. అంత దూరం రావడానికి నాకు ఏడాది పట్టింది. కాని అప్పటికి ఆ వాసన నాకు ఆకలి పుట్టించే వాసన అయింది.

ఇక టోక్యో సంగతి. మా అబ్బాయి నిషికసాయ్ అనే పేటలో ఉంటాడు. మన దేశస్థులు అక్కడ చాలామంది ఉన్నారు. రెండేళ్ల క్రితం నేను వెళ్లినప్పుడు సుషీ తినడానికి తీసుకుపోయారు. పళ్లేలు రబ్బరు పట్టా మీద బల్లల పక్క నుండి తిరుగుతూ వస్తాయి, కావలసినది తీసుకోవడమే. ఈ పద్ధతిని 1958లో ఒసాకా దగ్గర షిరైషి యోషియాకి అనే ఆయన ప్రారంభించాడు. బీరు సీసాలు కర్మాగారంలో పట్టా మీద కదలడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. పచ్చి చేపను చూడగానే నా కడుపులో తిప్పింది. భావనపాడు గిన్నె గుర్తుకు వచ్చింది. ఈసారి అబద్ధమాడకుండా, "నాకు భయంగా ఉంది తల్లీ" అని మనవరాలితో అన్నాను.

"అయితే ముందు ఉడికినవి మామ్మా" అన్నది పిల్ల.

సుషీ అంటే పచ్చి చేప అని మనం అనుకుంటాము. అసలు సుషీకి ప్రాణం అన్నమే. పొట్టి గింజ బియ్యం వండి, సిర్కా, పంచదార, ఉప్పు కలుపుతారు. ఆ ముద్ద మీద చేప ముక్క పెడితే నిగిరి. సముద్రపు నాచు ఆకులో చుట్టి కోస్తే మాకి. పిల్ల నాకు మొదట తియ్యటి గుడ్డట్టు పెట్టినది ఇచ్చింది. తర్వాత దోసకాయ చుట్ట, ఉడికించిన రొయ్య, కాల్చిన పాము చేప. నాలుగూ తిన్నాను. పచ్చివి ఒక్కటీ లేవు. రెండవసారి వెళ్లినప్పుడు ట్యూనా. మన జాలరులు సూర అంటారే, ఆ జాతిది. ఎర్రని ముక్క, నీచు వాసన లేదు, మెత్తగా ఉంది. మూడవసారి సాల్మన్. ఈ చేపను జపాను వారు కూడా పూర్వం పచ్చిగా తినేవారు కారు. 1980లలో నార్వే దేశస్థులు తమ చేపను తెచ్చి అలవాటు చేశారు. వారూ ఒకనాడు కొత్తవారేనని విని నాకు ధైర్యం కలిగింది. ఆఖరున సాబా, అంటే కానాగడత జాతి. దానికి ఉప్పు పట్టించి సిర్కాలో నానబెడతారు. నూనె చేపకు పులుపు పడాలన్న మా భావనపాడు పాఠమే అక్కడా ఉంది! సముద్రపు ముళ్లకాయ లోపలి పసుపు పదార్థం మాత్రం నాకు ఎక్కలేదు. ఎక్కలేదనే చెప్పాను. ఎవరూ నొచ్చుకోలేదు.

తినే తీరు కూడా పిల్లే చూపింది. చేత్తో తినవచ్చు. సోయా రసంలో అన్నం వైపు ముంచితే ముద్ద విడిపోతుంది, చేప వైపు ముంచాలి. వాసాబి అనే పచ్చని ముద్ద మన ఆవాల వంశానిదే. ముక్కులోకి ఎక్కుతుంది గనుక ఆవగింజంత చాలు. ఒక రకానికీ మరొక రకానికీ నడుమ అల్లం ముక్క నమిలితే నోరు శుభ్రపడుతుంది.

ఇప్పుడు భావనపాడులో పరీక్ష పిల్లకు వచ్చింది. పచ్చి చేప తినే పిల్ల ఎండుచేపల దగ్గరకు రాగానే ముక్కు మూసుకున్నది. ఆ అమ్మ ఇంటి గుమ్మంలోనే ఉన్నది. ముసలిదైపోయింది. ఆమె చూసింది. నా గుండె జారిపోయింది. బాకీ తీర్చుకుందామని వచ్చి మరొక అవమానం తెచ్చిపెట్టానే అనుకున్నాను.

ఆమె మాత్రం పిల్ల చేయి పట్టుకొని లోపల కూర్చోబెట్టింది. ప్రార్థన చేసుకొని భోజనానికి కూర్చున్నాము. పిల్ల పళ్లెంలో ముందు పడ్డది రొయ్యల ఇగురు. తర్వాత చందువ వేపుడు. "మీ మామ్మకీ నానే నేర్పినాను" అన్నది. ఆమె ఏదీ మరచిపోలేదు. పిల్ల రెండూ తిన్నది. నెత్తళ్ల కూర వైపు చూసి, "ఇది ఎందుకు ఎండబెడతారు?" అని అడిగింది.

నేను చెప్పాను. పూర్వం మంచుగడ్డ లేదు. పడిన చేప చెడిపోకుండా మనవారు ఉప్పు, ఎండ వాడారు. మీ జపానులో ఉప్పు, అన్నం వాడారు. బీవా సరస్సు దగ్గర నేటికీ చేపను ఉప్పు పట్టించి, అన్నంలో కూరి నెలల తరబడి పులియబెడతారు. దాని పేరు ఫునాజుషి. సుషీకి అదే తాత. నేడు మనం చూసే నిగిరి 1820ల ప్రాంతంలో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, వీధి అంగళ్లలో ప్రబలింది.

"ఫునాజుషి కూడా కంపు కొడుతుంది మామ్మా" అన్నది పిల్ల. అని, ఒక్క నెత్తలి నోట్లో వేసుకొని నమిలింది. ముఖం చిట్లించింది. తర్వాత ఇంకొకటి తీసుకున్నది. ఆ అమ్మ కళ్లు తుడుచుకున్నది. ఆమె కొడుకు వేటకు గుజరాత్‌లోని వీరావల్‌లో ఉంటాడు. 2018లో అక్కడి నుండి వేటకు వెళ్లి పాకిస్తాన్ వారికి చిక్కిన మన జాలరులలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు కదా. ఆ సంగతి జరిగినప్పటి నుండి కొడుకు ఫోను వచ్చేదాకా తనకు ముద్ద దిగదని చెప్పింది. మనం వద్దని తోసేసే గిన్నెలో అంత ఉంటుంది.

సాయంత్రం పడవ దగ్గర తాజా కానాగడతను చూసి, పచ్చిగా తిందామా అని పిల్ల అడిగింది. వద్దన్నాను. సముద్రపు చేపలోనూ సన్నని పురుగులుంటాయి. పచ్చిగా తినే చేపను సున్నాకు 20 డిగ్రీల కింద ఏడు రోజులు గడ్డకట్టించాలని అమెరికా ఆహార శాఖ వారి సూచన. తాజాగా ఉన్నంత మాత్రాన చాలదు. మన చెరువు చేప, ఏటి చేప అసలే పచ్చిగా తినరాదు. ఈ మాట విని ఆ అమ్మ, "పచ్చిదే తింటారా! ఆ ఊళ్లో నిప్పు లేదేటి?" అని ఒకటే నవ్వు.

ప్రియ సోదరీమణులారా, మీ పిల్లలు దూర దేశాలలో ఉండవచ్చు. రేపు మీరూ ఒక కొత్త బల్ల ముందు కూర్చోవలసి రావచ్చు. మీకు తెలిసిన రుచికి దగ్గరగా ఉన్నదానితో మొదలుపెట్టండి. భయమైతే భయమని చెప్పండి. కడుపునొప్పి అని చెప్పకండి. ఇక కొత్తవారు మీ ఇంటికి వస్తే, ముళ్లు లేనిది ముందు వడ్డించండి.