దారి ప్రక్క దీపము

మా మామూ వద్ద ఒక పాత అంబాసిడర్ కారు ఉన్నది. 2014లో ఆ కార్ల తయారీ నిలిచిపోయినా, పెండ్లిండ్లకు, అర్ధరాత్రి రోగులను నల్లగొండ ఆసుపత్రికి చేర్చుటకు మా ఊరివారు నేటికీ దానినే పిలుస్తారు. నార్కట్‌పల్లి దారిలో చీకటివేళ బండి ఆగిపోతే వెనుక వచ్చే లారీకి అది కనబడాలి. మామూ ఇంతకాలము వెనుక ఒక రాయి, రెండు వేపకొమ్మలు పెట్టి అల్లాపై భారము వేసేవారు. "బేటా, నీ పద్యాలు లారీని ఆపవు. దీపమేదైనా చేసిపెట్టు" అన్నారు. తెలుగు పంతులునైన నేను చిన్ననాటి రేడియో పిచ్చిని తట్టి లేపవలసి వచ్చింది.

బండిలో మలుపుదీపాల ఫ్లాషర్ ఉన్నది కదా అని మీరడుగవచ్చు. పాత ఫ్లాషర్‌లో లోహపుపట్టీ వేడెక్కి వంగుతూ, చల్లారి సర్దుకుంటూ దీపమును ఆర్పి వెలిగిస్తుంది. బ్యాటరీ నీరసించినా, ఒక బల్బు మాడినా దాని నడక తప్పుతుంది. బండి మొరాయించేది తరచుగా బ్యాటరీ నీరసించిన రాత్రియే గదా!

హాన్స్ కామెంజిండ్ 1971లో రూపొందించిన 555 టైమరుకు ఈ బలహీనత లేదు. ఎనిమిది కాళ్ల నల్లని బిళ్ల అది. దానికి తగిలించిన కెపాసిటరులో వోల్టేజి, సరఫరాలో మూడవ వంతునకు, మూడింట రెండు వంతులకు నడుమ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. సరఫరా తగ్గితే ఆ రెండు హద్దులూ దానితోపాటే తగ్గుతాయి. కనుక కాలము మారదు. ఈ ఒక్క యుక్తి నన్ను ముగ్ధుణ్ణి చేసింది. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న 10 కిలో ఓములు, 47 కిలో ఓముల నిరోధకాలను, 10 మైక్రోఫారడ్ల కెపాసిటరును కూర్చితే నిమిషమునకు సుమారు 83 మెరుపులు. వెలుగు 0.4 సెకను, చీకటి 0.33 సెకను. గురువు లఘువునకు రెట్టింపు ఉండాలనే మా ఛందస్సు దీనికి ఒప్పుకోదు; లారీవానికి అభ్యంతరము లేదు.

చిక్కంతా బల్బుతోనే. 21 వాట్ల బల్బు 12 వోల్టులపై 1.75 ఆంపియర్లు లాగుతుంది. 555 ఇవ్వగలిగినది 0.2 మాత్రమే. అందుచేత టైమరు 100 ఓముల నిరోధకము గుండా 2ఎన్3055 ట్రాన్సిస్టరును తెరిచేటట్లు చేసి, బల్బు భారమును దానిపై పెట్టాను. ఇంజను నడిచేటప్పుడు సరఫరా 14 వోల్టులకు చేరుతుంది, క్షణకాలము అంతకు మించీ ఎగురుతుంది. టైమరు ఓర్పు 16 వరకే. దాని ముందు ఒక డయోడును, కెపాసిటరును కాపలా ఉంచాను.

మామూ దానిని పాత తువాలులో చుట్టి డిక్కీలో ఉంచారు. చూసిన రైతు ఒకాయన తన ట్రాక్టరు ట్రైలరుకూ కావాలన్నారు. కోతల కాలములో వెనుకదీపము లేని ట్రైలర్లు ఆ దారిన ఎన్ని! ధూళి చొరకుండ ఉండుటకు ఆయనే ఒక టిఫిను డబ్బా తెచ్చి ఇచ్చారు. అడుగున మైకా బిళ్ల వేసి ట్రాన్సిస్టరును ఆ డబ్బా గోడకే బిగిస్తే వేడి బయటికి పోతుంది. ఈ ఆదివారము ఆ పని పెట్టుకున్నాను.