నాన్న చూసిన కన్యాశుల్కం

సంచికకి ఏదైనా రాసివ్వమని మన సాహిత్య కార్యదర్శి మూడుసార్లు అడిగాడు. సైన్సు విద్యార్థిని. ప్రాక్టికల్ రికార్డు తప్ప మరొకటి రాసిన పాపాన పోలేదు. అందుకని పెద్ద విషయాల జోలికి పోకుండా, ఈ ఏడు వార్షికోత్సవంలో మనవాళ్ళు వేసిన 'కన్యాశుల్కం' గురించి రాస్తాను. అయితే ఆ రాత్రి నేను సగం స్టేజీని చూశాను, సగం మా నాన్నని చూశాను. కాబట్టి ఇందులో ఆయన కూడా వస్తాడు. పాఠకులు మన్నించాలి.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి నాన్న చెప్పాపెట్టకుండా హాస్టలుకి వచ్చాడు. చేతిసంచీలో జంతికలు, నోట్లో ఓ వార్త. చెల్లికి సంబంధం వచ్చింది. కుర్రాడికి ఉద్యోగం ఉంది. ఎనిమిది లక్షలు, పైన మోటారుసైకిలు అడుగుతున్నారు. చెరువు కింద అరెకరా అమ్మితేగానీ కుదరదు. మాకున్నదే రెండున్నర ఎకరాలు. ఈ మాటల్లో పడి ఆఖరి బస్సు పోయింది.

నాన్నని గదిలో పడుకోబెట్టి నేనొక్కణ్ణే వెళ్దామనుకున్నాను. నిజం చెప్పేస్తాను, సిగ్గేసింది. తలకి తువ్వాలు, ఒంటి నిండా చుట్ట వాసన. పైగా ఆయన నవ్వు! తూర్పు భాగోతం ఆడుతుంటే మా నాన్న నవ్వు పక్క వీధికి వినిపిస్తుంది. కానీ నాటకం అనగానే ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. "పదరా, నానూ వొస్తాను. మంచం ఎక్కడికీ పారిపోదు కదా" అన్నాడు. వెనక వరసలో, చీకట్లో చోటు చూసి కూర్చోబెట్టాను.

'కన్యాశుల్కం' మొదటిసారి 1892లో విజయనగరంలో ఆడారు. 1897లో అచ్చయింది. గురజాడ అప్పారావుగారు దాన్ని మళ్ళీ పెంచి రాసి 1909లో వేసిన ఏడంకాల నాటకమే ఇప్పుడు మనం చదివేది. మొత్తం ఆడితే తెల్లారిపోతుంది. మనవాళ్ళు రెండున్నర గంటలకి కుదించారు. ఆ కత్తెరకి బైరాగీ, సారాదుకాణమూ బలైపోయాయి. అది నాకు నచ్చలేదు. ఉపన్యాసాలు ఓ అరగంట తగ్గించినా ఆ సీను పట్టేది.

గిరీశం వేసిన జువాలజీ అబ్బాయి అప్పు తెచ్చిన కోటులో స్టేజీ ఎక్కీ ఎక్కగానే చప్పట్లు మోగాయి. వెలిగించని చుట్ట నోట్లో పెట్టుకుని, వెంకటేశానికి చదువు తప్ప అన్నీ చెబుతున్నాడు. నాన్న నా మోచేతిని పొడిచాడు. "యీణ్ణి నానెరుగుదున్రా. మొన్న మన ఊరొచ్చి ఎరువులేజెంటునని సెప్పి అడ్వాన్సు పట్టుకుపోనాడు." అంటూ నవ్వాడు. నేను భయపడిన నవ్వు అదే. ముందు వరసల్లో ఒకరిద్దరు మాస్టార్లు వెనక్కి తిరిగి చూశారు. నేను కుర్చీలోకి కుంగిపోయాను.

రామప్పంతులు వచ్చాక ఇక ఆయన్ని పట్టలేకపోయాను. కోర్టులు, దొంగ ఉత్తరాలు, వకీళ్ళ ఫీజులు, ఇవన్నీ మేము క్లాసులో నోట్సు రాసుకున్న విషయాలు. నాన్నకి నోట్సు అక్కర్లేదు. ఒక గట్టు తగాదాలో నాలుగేళ్ళు కోర్టు చుట్టూ తిరిగిన మనిషి. మంచం కింద గిరీశం, రామప్పంతులు ఇద్దరూ దూరడం, పూటకూళ్ళమ్మ చీపురుదెబ్బలు కాస్తా పంతులుకి తగలడం... ఆ సీనులో నాన్న కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఇంకోటెయ్యవే తల్లీ!" అని అరిచేశాడు. హాలంతా గొల్లుమంది. మాస్టార్లు కూడా నవ్వారు. అప్పటినుంచీ వెనక వరస నవ్వితేగానీ ముందు వరస నవ్వలేదంటే నమ్మండి.

సరిగ్గా శిష్యుడికి పెళ్ళికూతురి వేషం వేసిన సీనులో కరెంటు పోయింది. ఎవరో నాలుగు టార్చిలు స్టేజీ మీదకి కొట్టారు. ఆ వెలుగులో చూద్దుం కదా, కుర్రాడి సవరం ఊడి కిందపడి ఉంది. వాడు కంగారు పడకుండా దాన్ని తీసి, ఆ జడతోనే కళ్ళొత్తుకుని ఏడవడం మొదలెట్టాడు. గురజాడవారు ఉండి ఉంటే ఆ ముక్క పుస్తకంలో చేర్చుకునేవారేమో!

అగ్నిహోత్రావధానులు సుబ్బిని ముసలి లుబ్ధావధానులికి పద్దెనిమిది వందలకి ఖాయం చేసిన సీను దగ్గర మాత్రం నా పక్కన చప్పుడు లేదు. మనవాళ్ళ నాటకంలో సుబ్బికి ఒక్క మాటా లేదు. ఓ మాస్టారి తొమ్మిదేళ్ళ అమ్మాయి మూల కూర్చుని గవ్వలాడుతోంది, అంతే. తల్లి నూతిలో పడిందన్న కేక లేచేసరికి నాన్న తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నవ్వి నవ్వి చెమట పట్టిందో ఏమో, నేను అడగలేదు.

హాస్టలుకి నడుస్తుంటే ఆయనే అడిగాడు.

"అప్పట్లో ఆడపిల్ల తండ్రికే డబ్బులిచ్చీవోరేటి?"

"కొన్ని ఇళ్ళల్లో ఇచ్చేవారు."

"మన కాడికొచ్చీసరికి బేరం తిరగబడిపోనాదన్నమాట" అని నవ్వాడు. నాలుగడుగులు వేశాక, "రేపు నీ పరీచ్చలైపోతే నీకూ రేటు కట్టాల. ఎంతడగమంటావు?" అన్నాడు. వేళాకోళమే. అయినా నాకు నవ్వు రాలేదు. మా హాస్టలులో రాత్రి కరెంటు పోయినప్పుడు జరిగే కబుర్లు అవే కదా. బ్యాంకువాడికి ఇంత, టీచరుకి ఇంత. ఆ లెక్కల్లో నేనూ ఓ మాట వేసినవాణ్ణే.

పొద్దున్నే ఆయన్ని బస్సెక్కించి లైబ్రరీకి వెళ్ళి పుస్తకం తీశాను. మొదటి కూర్పుకి గురజాడవారు ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఓ లెక్క ఉంది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన ఇలాంటి పెళ్ళిళ్ళ జాబితా విజయనగరం మహారాజావారు తయారుచేయిస్తే 1034 తేలాయట. అందులో 99 మంది అయిదేళ్ళ పిల్లలు. ముగ్గురికి ఏడాది. అంకెలంటే అలవాటున్నవాణ్ణే, కానీ ఆ చివరి అంకె దగ్గర పుస్తకం మూసేశాను.

పది రోజుల తర్వాత చెల్లి ఫోను చేసింది. నాన్న నాటకమంతా అరుగుమీద ఆడి చూపించాడట, చీపురుకట్టతో సహా. పెళ్ళివారికి మోటారుసైకిలు మానుకోమని, డబ్బు తగ్గించమని కబురంపాడట. వాళ్ళ దగ్గర్నుంచి ఇంకా జవాబు లేదు. అరెకరా బేరం కూడా ఆపి ఉంచాడు. "నువ్వేమంటావే?" అని చెల్లిని అడిగాను. "నన్నెవరడిగారు?" అంది. నిజమే, అప్పటిదాకా నేనూ అడగలేదు.

నాన్న ఆ పుస్తకం తెమ్మన్నాడు. కొన్నాను. సంక్రాంతి సెలవులకి పట్టుకెళ్తాను. ఆయన కూడబలుక్కుని చదవాలి, ఏడంకాలు అవవు. చెల్లే చదివి వినిపించాలి.