నడుమ కూర్చోబెట్టి

పాత బండ్ల ముచ్చట్లు మొదలైతే నేను ఎక్కువసేపు కూర్చోలేను. ఎజ్డీ గొంతు, ఆర్‌ఎక్స్ 100 పరుగు, బుల్లెట్ దర్జా అంటూ మా ఈడు వాళ్లు మురిసిపోతుంటారు. నాకూ రాజ్‌దూత్ ఉండేది. దాని చప్పుడు తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది, అదెక్కడ ఆగిపోతుందోనన్న భయం.

1990ల మొదట్లో కారేపల్లి పక్కన ఒక తండా బడిలో పంతులుగా చేరినప్పుడు సెకండ్ హ్యాండులో కొన్నాను. 175 సీసీ, టూ స్ట్రోక్. పోలండ్ వాళ్ల నమూనా మీద ఎస్కార్ట్స్ కంపెనీ చేసిన మోటు బండి. 'బాబీ' సినిమాలో హీరో తోలిన బుల్లి రాజ్‌దూత్ వేరు, ఇది పాలక్యాన్లు మోసే రకం. పెట్రోలులో ఆయిలు కలపాలి. లీటరుకు నలభై మిల్లీలీటర్లు పోసేవాణ్ని. ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ఆదివారం పొద్దున పాయింట్లకు గరుకు కాగితం రుద్దడం, ప్లగ్గు గీకడం, అప్పుడప్పుడూ సైలెన్సర్ విప్పి నిప్పుల్లో కాల్చి మసి దులపడం, ఇదీ నా సెలవు. జేబులో పెన్నుతో పాటు ఒక ప్లగ్గు కూడా ఉండేది.

108 అంబులెన్సులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది 2005లో. అంతకుముందు బండి ఉన్నవాడే అంబులెన్సు. రైలు స్టేషన్ ఉన్నా రైలు వేళ రైలుదే కదా.

ఒక వానాకాలం రాత్రి, నడిజాము దాటాక తలుపు కొట్టారు. "సారూ, పిల్లగానికి పురుగు ముట్టింది. బండి తియ్యి." అప్పటికే మంత్రం వేయించారట. పదేళ్ల పిల్లాడు, నా బడిలోనే చదువుతాడు. నేల మీద పడుకుని ఉండగా కరిచింది. వాపు లేదు, నొప్పి లేదు, కడుపులో మాత్రం మెలిపెడుతోందన్నాడు. లాంతరు దగ్గర పెడితే రెప్పలు సగానికి వాలిపోయి ఉన్నాయి. కట్లపామే. నాగుపాము కాటైతే వాస్తుంది, మనిషి కంగారుపడి పరుగెడతాడు. కట్లపాము కాటు మనిషిని అంత తొందరపెట్టదు, ప్రమాదమంతా అక్కడే ఉంది.

పిల్లాణ్ని నడుమ కూర్చోబెట్టి, వెనక తండ్రి ఎక్కాడు. తువ్వాలతో పిల్లాడి నడుం నా నడుముకు కట్టాం. తండ్రి చేతులు వాడి గడ్డం కింద పెట్టి తల ఎత్తి పట్టుకున్నాడు. ఆరు వోల్టుల లైటు. ఇంజను జోరందుకుంటే వెలుతురు, నెమ్మదిస్తే చీకటి. వాగు దగ్గర నీళ్లు సైలెన్సర్ దాకా ఉన్నాయి. మొదటి గేరులో, యాక్సిలేటర్ వదలకుండా దాటాలి. వదిలితే సైలెన్సర్ నీళ్లు తాగుతుంది, ఇక అంతే. దాటాం.

రైల్వే గేటు పడి ఉంది. బొగ్గు గూడ్సు వస్తోంది. ఇంజను ఆపితే మళ్లీ అందుకుంటుందన్న నమ్మకం లేదు, అందుకని రేస్ చేస్తూనే నిలబడ్డాను. ఆ గూడ్సుకు చివర లేదేమో అనిపించింది. గేటు లేచాక కొంతదూరం పోయేసరికి బండి తడబడి ఆగింది. నిలబడి ఉన్నంతసేపూ ఆయిలు కాలక ప్లగ్గు మసి పట్టింది. తండ్రి అగ్గిపుల్లలు గీస్తుంటే విప్పాను. కాలిపోతున్న ప్లగ్గును తువ్వాల చెంగుతో పట్టుకున్నా వేళ్లు బొబ్బలెక్కాయి. జేబులోది బిగించి కిక్కు కొట్టాను. అందుకుంది.

ఖమ్మం దాకా నేను వెనక్కి తిరిగి చూడలేదు, చూసే వీలూ లేదు. వాడి గడ్డం నా భుజం మీద ఆనుతుంటే, మెడకు తగిలే ఊపిరే నాకు లెక్క. అది సన్నబడుతూ వచ్చింది. తగలనప్పుడల్లా "ఉందా?" అని అరిచేవాణ్ని. "ఉంది సారూ, పో" అనేవాడు తండ్రి. ఆ మాట నిజంగా చూసే చెప్పాడా, నేను ఆగుతానని భయపడి చెప్పాడా అని తర్వాత కూడా అడగలేదు.

ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం దించి, దానికి రబ్బరు సంచి తగిలించారు. పాము మందు ఎక్కించినా ఊపిరి వెంటనే తిరిగి రాదనీ, కట్లపాము విషం నరాల కొసల్ని దెబ్బతీస్తుందనీ, అవి కోలుకునేదాకా గాలి మనమే కొట్టాలనీ చెప్పారు. మిషను ఖాళీ లేదు. తండ్రీ నేనూ వంతులు వేసుకుని నొక్కాం. బొబ్బలున్న చేయి పనికిరాక ఎడమచేత్తో నొక్కాను. మధ్యలో కునుకు పట్టినప్పుడు తండ్రి నా వీపు మీద చరిచాడు. అతను తూలినప్పుడు నేనూ చరిచాను. తెల్లారి, పొద్దుగూకి, మళ్లీ తెల్లారాక పిల్లాడి వేలు కదిలింది. గొట్టం తీసిన రోజు వాడు మొదట అడిగింది మంచినీళ్లు.

చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆగ్నేయ నేపాల్ పల్లెల్లో పాము కాటు పడ్డవాణ్ని ఇలాగే ఇద్దరి మధ్య మోటార్ సైకిల్ మీద కూర్చోబెట్టి చేర్చే ఏర్పాటు చేశారట, జనానికి అవగాహన కూడా కల్పించారట. కరిచిన వందమందిలో పదిమంది దాకా చనిపోయే చోట, ఆ తర్వాత ఒక్కరి కంటే తక్కువకు తగ్గిందట. మేం ఎవరూ చెప్పకుండానే అలా కూర్చున్నాం, రెండో దారి లేక.

పంటలయ్యాక తండ్రి పెట్రోలు డబ్బులు తెచ్చాడు. తీసుకోలేదు. డబ్బులు జేబులో పెట్టుకుని, "అయితే బండి నేర్పు సారూ" అన్నాడు. పత్తి చేను పక్క బాటలో నేర్పాను. క్లచ్చు కంటే ముందు ప్లగ్గు విప్పడం చూపించమన్నాడు. రెండు మూడేళ్లకు తనూ ఒక పాత బండి కొన్నాడు. ఆ తర్వాత అర్ధరాత్రి తలుపు కొట్టేవాళ్లు నా ఇంటికి కాక అతని ఇంటికి వెళ్లడం మొదలుపెట్టారు.