కాగితం మీద మీటరున్నర

ఇంటి ప్లాను చేతికి రాగానే మనం చూసేది పడకగదులెన్ని, వంటగది ఏ మూల అనే. తాపీమేస్త్రి మాత్రం ముందు స్కేలు తీసి కాగితం మీద పెడతాడు. 1:100 అని రాసుంటే కాగితం మీది సెంటీమీటరు నేల మీద మీటరన్నమాట.

నాగాయలంక దగ్గర మా నాయనమ్మ ఇల్లు తిరగకట్టేటప్పుడు ఆ స్కేలు దగ్గరే తేడా వచ్చింది. రోడ్డు నుంచి బేస్‌మట్టం మీటరున్నర ఉండాలని చెప్పి బందరులో ఒకచోట ప్లాను గీయించాం. మేస్త్రి కొలిస్తే వచ్చింది 12 మిల్లీమీటర్లే! పక్కన అంకె కూడా వేయలేదు. అడుగు తగ్గితే ఏమైందంటారా? 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమలో ఆ మాట అనకూడదు. ఆ రాత్రి నీళ్లు ఎందాకా వచ్చాయో నాయనమ్మ పాత గోడ మీద చెయ్యి పెట్టి చూపించింది. టేపుతో కొలిచాం. రోడ్డు నుంచి మీటరూ ముప్ఫై సెంటీమీటర్లు.

ఫైలు పట్టుకుని గుడివాడలో ఆటోక్యాడ్ పని చేసే కుర్రాడి దగ్గరికెళ్లాను. నిమిషంలో పట్టేశాడు. ఇంటిని మోడల్‌లో అసలు కొలతలతోనే గీస్తారట. ప్రింటు తీసే కాగితం లేఅవుట్. ఆ కాగితానికి పెట్టే కిటికీలే వ్యూపోర్టులు. ఏ కిటికీలో ఎంత స్కేలులో కనపడాలో మనమే చెప్పాలి. 1990లో ఆటోక్యాడ్ 11వ వెర్షన్‌తో వచ్చిన పద్ధతి ఇది. చిక్కల్లా ఒకటే. కిటికీ లోపల రెండుసార్లు క్లిక్ చేసి, అలవాటు కొద్దీ మౌస్ చక్రం తిప్పితే బొమ్మ చిన్నదైపోతుంది. కింద టైపు చేసిన 1:100 మాత్రం అలాగే ఉంటుంది! మా ప్లాను 1:125కి జారిపోయింది. మోడల్‌లో ఇల్లు మాత్రం సరిగ్గానే ఉంది.

కుర్రాడు స్కేలు సరిచేసి వ్యూపోర్టును లాక్ చేశాడు. ఇక చక్రం ఎంత తిప్పినా ఆ స్కేలు మారదు. మెట్లూ బేస్‌మట్టం పెద్దగా కనపడేలా పక్కనే 1:20లో ఇంకో కిటికీ తెరిచాడు. నాయనమ్మ చెప్పిన నీటిమట్టం ఎక్కడో అడిగి, మోడల్‌లో ఒక నీలిగీత గీశాడు. గీసింది ఒక్కసారే, రెండు కిటికీల్లోనూ కనపడింది. అంకెలు కూడా వేయించాను. స్కేలు పెట్టి కొలుచుకునే అవసరమే ఉండకూడదన్నది ఆ కుర్రాడి మాట. నాకూ నిజమే అనిపించింది.

అయినా మేస్త్రి ఊరుకుంటాడా? కొత్త ప్రింటు మీద స్కేలు పెట్టాడు. ఒక బొమ్మలో 15 మిల్లీమీటర్లు, రెండోదాంట్లో ఏడున్నర సెంటీమీటర్లు. సరేనని తలూపాడు. పాత గోడ పడగొట్టే ముందు నీళ్ల ట్యూబు తెప్పించి, నాయనమ్మ చూపించిన మట్టాన్ని కరెంటు స్తంభం మీదకు ఎక్కించి సున్నంతో గుర్తు పెట్టాడు.