శ్రావణంలో పాల లెక్క

ఆగస్టు 6, 2024, మంగళవారం. విజయవాడ

మనవడికి పదిహేడు నెలలు నిండాయి. లేవగానే సీసా, పదింటికి సీసా, మధ్యాహ్నం పడుకోబెట్టేటప్పుడు ఒకటి, సాయంత్రం ఒకటి, రాత్రి రెండు. చిక్కటి గేదె పాలు, పూటపూటా పిండి తెచ్చేవి. రోజుకు లీటరున్నర వేయించుకుంటే లీటరు దాకా వాడికే పోతోంది. పాలకి పేచీ పెట్టడని అందరికీ మురిసిపోతూ చెప్పుకున్నాను. అన్నం ముద్ద నోట్లో పెడితే మాత్రం నాలుకతో బయటికి నెట్టేస్తున్నాడు.

ఆగస్టు 9, శుక్రవారం

నాలుగు రోజులుగా బాబు ఊరికే ఒళ్లో వాలిపోతున్నాడని పిల్లల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన వాడి కింది రెప్పని బొటనవేలితో కిందికి లాగి, పక్కనే మా అమ్మాయి రెప్ప కూడా అలాగే లాగి చూపించారు. తల్లిది ఎర్రగా ఉంది. బిడ్డది వెలిసిపోయిన గుడ్డలా ఉంది. హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. ఈ వయసుకి 11 ఉండాలట.

"ఏం పెడుతున్నారమ్మా?"

"పాలండీ. మంచి గేదె పాలే."

"ఎన్ని?"

చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పారు: పాలల్లో ఇనుము దాదాపు ఉండదు. లీటరు పాలతో ఆ చిన్న పొట్ట నిండిపోతే పప్పుకీ గుడ్డుకీ చోటుండదు. పైగా పాలలోని కాల్షియం వల్ల, తిన్న కాస్త తిండిలోని ఇనుము కూడా సరిగా ఒంటికి పట్టదు. రోజుకు 400 నుంచి 500 మి.లీ. దాటొద్దు, సీసా మాన్పించి గ్లాసుతో పట్టండి అన్నారు. ఐరన్ చుక్కలు రాశారు, పాలతో కలిపి వేయొద్దన్నారు.

తిరిగొస్తుంటే ఆటోలో అమ్మాయి ఒక్క మాట కూడా నన్ననలేదు. అంటే బాగుండేది.

ఆగస్టు 10

నిద్ర పట్టలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు తీసి చూశాను. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. వీళ్లందరూ తిండి లేని ఇళ్ల పిల్లలే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ.

ఆగస్టు 12

పాల ప్యాకెట్ల మీది అక్షరాలు అద్దం పెట్టుకుని చదివాను. ఫుల్‌క్రీంలో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. రెండేళ్ల లోపు పిల్లలకి కొవ్వు కావాలి కాబట్టి డబుల్ టోన్డ్ వద్దు. గేదె పాలల్లో వెన్న ఆవు పాలకి ఇంచుమించు రెట్టింపు, మాంసకృత్తులూ కాస్త ఎక్కువే. కాల్షియం మాత్రం రెండింటిలోనూ 100 మి.లీ.కి 120 మి.గ్రా. దరిదాపుల్లోనే. అంటే ఏడాది దాటిన బిడ్డకి ఆవు పాలైనా గేదె పాలైనా ఫరవాలేదు. చిక్కటివైతే త్వరగా పొట్ట నిండి ఆకలి చచ్చిపోతుంది, అంతే. ఆవు పాలు తాగితే చురుకు, గేదె పాలు తాగితే మందం అని మా అత్తగారు అనేవారు. ఆ మాటకి ఆధారమేమీ లేదు.

రాస్తుంటే పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. మా అమ్మాయికి నాలుగో నెలలోనే గేదె పాలల్లో సగానికి సగం నీళ్లు కలిపి ఉగ్గుగిన్నెతో పట్టాను. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా అక్కర్లేదని నాకు చెప్పినవాళ్లు లేరు. అప్పుడు నా దగ్గర పాలు లేక కాదు.

ఆగస్టు 16. వరలక్ష్మీ వ్రతం

పేరంటానికి వచ్చినవాళ్లంతా బాబుని చూసి తలో మాటా చెప్పారు. ఒకావిడ గాడిద పాలు పట్టించమంది. ఆయాసం, దగ్గు రావట. గాడిదని వెంటబెట్టుకుని వీధిలోకి వచ్చి, అక్కడికక్కడే పిండి ఇస్తారు. కాచకుండా తాగిస్తారు. పచ్చిపాలల్లో ఏ క్రిములున్నాయో ఎవరికి తెలుసు? వద్దన్నాను. ఇంకొకరు బాదం పాల డబ్బా మాట ఎత్తారు. గ్లాసు ఆవు పాలల్లో ఏడెనిమిది గ్రాముల మాంసకృత్తులుంటే అందులో గ్రాము దగ్గరే.

ఆగస్టు 22

మాంసకృత్తి రకాన్ని బట్టి ఏ1, ఏ2 అని పాల మీద రాసి అమ్మొద్దని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిన్న చెప్పిందట. హైదరాబాదులో మా చెల్లెలి కోడలు పాప కోసం ఏ2 పాలే తెప్పిస్తుంది, మామూలు పాలకి రెట్టింపు ధర పెట్టి. ఫోన్ చేసి పాప అన్నం తింటోందా అని అడిగాను. "సరిగ్గా తినదు అత్తయ్యా" అంది. రక్తపరీక్ష చేయించమన్నాను.

ఆగస్టు 26. కృష్ణాష్టమి

ఆ ఏ2 ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారట. దేశవాళీ ఆవైనా జెర్సీ ఆవైనా పాలల్లో ఇనుము లెక్క మారదు, నాకిప్పుడు అదొక్కటే పట్టింపు.

గుమ్మం నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో పాదాలు వేశాం. సాయంత్రం పాలు మానేసి రెండు వారాలైంది. ఇవాళ ఆరింటికి వాడే వంటింట్లోకి వచ్చి నా కొంగు లాగాడు. తోటకూర పప్పులో అన్నం మెత్తగా మెదిపి, నిమ్మచెక్క పిండి, పళ్లెం వాడి ముందే పెట్టాను. మొదటి ముద్ద పిడికిట్లో నలిపేశాడు. రెండోది చెవికి రాసుకున్నాడు. మూడోది నోట్లోకి వెళ్లింది. లెక్కపెట్టాను, పదకొండు ముద్దలు తిన్నాడు. చివర్న వేళ్లు కూడా నాకాడు.

సెప్టెంబరు 2, సోమవారం

బుడమేరు వాగు పొంగి ఊరి మీద పడింది. కృష్ణలో కూడా ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులట. మా వీధికి నీళ్లు రాలేదు గానీ పాల బండి కూడా రాలేదు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయిది సింగ్‌నగర్. ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. రాత్రి తనే చేసింది. కింది వాటా మునిగిపోతే అందరూ మేడ మీద ఉన్నారు. తోడుగా చెల్లెలు, చెల్లెలికి అయిదు నెలల పాప.

"పాపకేం పడుతున్నారే?"

"చనుబాలేనమ్మగారూ. అదొక్కటే ఇబ్బంది లేదు."

పక్క గదిలోని ఇంకో బిడ్డ డబ్బా పాలు తాగే బిడ్డట. డబ్బా నిండా పొడి ఉంది. కలపడానికి మంచినీళ్లు లేవు, కాచడానికి పొయ్యి లేదు. ఆ బిడ్డ ఏడుపు నాకు ఫోన్లోంచి వినపడుతూనే ఉంది.

సెప్టెంబరు 4

నిన్న పడవ మీద పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు వచ్చాయట. పక్క గది బిడ్డకి ఆ సీసా నీళ్లతో పాలు కలిపి పట్టారు. ఇవాళ ఫోన్లో చెల్లెలి గొంతు పీలగా ఉంది. ఏం తిన్నావమ్మా అంటే, "బిస్కెట్లు" అంది.

అల్లుడు రేపు అటు వెళ్లే కుర్రాళ్లతో మాట్లాడాడు. క్యారియర్ పెద్దది తీశాను. అడుగు గిన్నెలో అన్నం, పైన ముద్దపప్పు, ఆరు ఉడికించిన గుడ్లు, పెరుగు విడిగా. మూత మీద కాగితం అంటించాను: పాప తల్లికి.