మందుకు ముందు పరీక్ష

మా ఇంటి ముందున్న దేవకాంచనం నేను ఉద్యోగ విరమణ చేసిన ఏడాది నాటినది. గత వర్షాకాలం వెళ్ళిన తరువాత ఒక ఉదయం దాని ఆకుల అంచులు నాణెం ఆనించి కత్తిరించినట్లు గుండ్రంగా తెగి కనిపించాయి. "డాక్టరుగారూ, పురుగు పట్టిందండీ, మందు కొట్టేద్దాం" అన్నాడు తోటమాలి. నేను సరేనన్నాను. అతడు సీసా తెచ్చి, బకెట్టులో నీళ్ళు పోస్తుండగా, ఐదేళ్ళ మా మనుమరాలు వచ్చి ఆ బకెట్టు పక్కనే కూర్చున్నది.

అప్పుడు నాకు సిగ్గు వేసింది. పరీక్షించకుండా మందు వ్రాయవద్దని హౌస్ సర్జన్లకు ఏళ్ళ తరబడి చెప్పినవాడిని నేనే. ఆర్గానోఫాస్ఫేట్ మందు చల్లుతూ పడిపోయిన రైతులకు ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స చేశాను. సూదిమొనంత కుంచించుకుపోయిన కనుపాపలు, నోటి వెంట నురుగు, ఒళ్ళంతా చెమట, అందని ఊపిరి, రాత్రంతా అట్రోపిన్ ఇంజెక్షన్లు. ఆ విషం మ్రింగితేనే కాదు, చర్మం ద్వారా, శ్వాస ద్వారా కూడా శరీరంలోకి చేరుతుంది. పిల్లను లోపలికి పంపి, సీసాకు మూత బిగించమన్నాను.

తరువాత భూతద్దంతో ఆకులను పరిశీలించాను. గొంగళిపురుగు తింటే అంచు అడ్డదిడ్డంగా ఉంటుంది, క్రింది ఆకుల మీద నల్లని రెట్ట గుళికలు రాలి ఉంటాయి. ఆకు పొరల మధ్య తొలిచే పురుగైతే తెల్లని వంకర గీతలు కనిపిస్తాయి. పేనుబంక, పిండినల్లి వంటి రసం పీల్చేవైతే ఆకు ముడుచుకొని, జిగటగా మారి, చీమలు చేరుతాయి, నల్లని మసి వంటి బూజు పడుతుంది. ఇక్కడ ఇవేవీ లేవు. కోత మాత్రం నున్నగా ఉంది.

మరునాడు ఎండ ఎక్కే వేళ కుర్చీ వేసుకొని కూర్చున్నాను. ఒక చిన్న తేనెటీగ వచ్చి ఆకు అంచున వాలి, క్షణాలలో ఒక ముక్క కత్తిరించి, కాళ్ళ మధ్య పట్టుకొని ఎగిరిపోయింది. ఇది ఆకులు కత్తిరించే ఒంటరి తేనెటీగ. ఆకును తినదు. ఆ ముక్కలతో గూటిలో చిన్న గదులు కట్టి, పుప్పొడి, మకరందం నింపి గుడ్డు పెడుతుంది. గులాబీ, బోగన్‌విల్లా ఆకులనూ ఇలాగే కత్తిరిస్తుంది. పూలలో పరాగ సంపర్కం జరిపే మిత్రజీవి. చెట్టుకు జరిగే నష్టం స్వల్పం. చికిత్స అవసరమే లేదు. ఆ చెట్టు ఈ ఏడాదీ నిండుగా పూసింది.

ప్రతి జలుబుకూ యాంటీబయాటిక్ అక్కరలేనట్లే, ప్రతి చిల్లు ఆకుకూ పురుగుమందు అక్కరలేదు. ముందు ఆకు రెండు వైపులా చూడండి. పురుగు కనిపిస్తే చేతితో ఏరివేయండి. పేనుబంక ఉంటే నీటిధారతో కడగండి. మందు తప్పనిసరి అయితే చేతితొడుగులు, ముఖానికి ముసుగు ధరించి, గాలి లేని వేళ, పిల్లలను దూరంగా ఉంచి చల్లండి. మిగిలిన మందును శీతలపానీయాల సీసాలలో ఎన్నడూ పోయకండి. దాహమని ఎత్తి త్రాగే పిల్లలకు ఆ తేడా తెలియదు.